కంచు మోచెయ్యి

ఇస్త్రీ చేసిన యూనిఫాం భోజనాల బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన ఉంది. దాని మీద బ్యాడ్జి, బ్యాడ్జి పక్కన లాకరు తాళంచెవి. ఇరవై రెండేళ్ళ ఉద్యోగాన్ని మడతపెట్టి బల్ల మీద పెట్టినట్టుంది.

"అదేమిటో కాస్త అడుగుతారా?" అంది కోడలు పొయ్యి దగ్గర్నుంచి.

అడగాల్సిన మనిషి నాలుగడుగుల దూరంలో, కుట్టుమిషను పక్కన కుర్చీలో కూర్చునే ఉంది. అయినా మూడు రోజులుగా ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మాటలన్నీ బస్సు కండక్టరైన కొడుకు మీదుగానే ప్రయాణం చేస్తున్నాయి. పొద్దస్తమానం బస్సులో జనం మధ్య నలిగి వచ్చే మనిషికి ఇంట్లోనూ అదే డ్యూటీ పడింది.

"అమ్మా, ఏమిటిది?" అన్నాడు కండక్టరు.

"పదకొండింటికి ఎలాగూ తీసేసుకుంటారు. నలిగిన బట్టలు అప్పజెప్పడం నాకు అలవాటు లేదని మీ ఆవిడతో చెప్పు."

అలవాటు అన్న మాటని ఆవిడ ఒత్తి మరీ పలికింది. పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది. ఇంట్లో రగులుతున్నదంతా ఆ ఒక్క మాట గురించే.

ఆర్టు గ్యాలరీలో కంచు బొమ్మల హాలుకి కాపలా అత్తగారే. ఆ హాల్లో ఎవరి వేలైనా బొమ్మ వైపు బెత్తెడు జరిగిందంటే చాలు, మూలనుంచి "ముట్టుకోవద్దు" అని వినిపిస్తుంది. గట్టిగా కాదు, కోపంగానూ కాదు. కానీ విన్నవాడి చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. స్టాఫంతా వెనకాల ముట్టొద్దమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పైకి విసుక్కున్నా లోపల దాన్ని బిరుదులాగే మోస్తోంది.

కోడలిదీ అదే గ్యాలరీ. చదువుకునే రోజుల్లో బొమ్మలు గీసుకోవడానికి అక్కడికి వచ్చినప్పుడు అత్తగారు ఆమెతో మాట్లాడిన మొట్టమొదటి మాట కూడా "ముట్టుకోవద్దు" అనే. ఆ తర్వాత కాబోయే అత్తగారే ఉద్యోగం దరఖాస్తు తెచ్చి చేతిలో పెట్టింది. చేరి ఆరేళ్ళయింది, ఏడాదిన్నరగా మాత్రం కోడలి పని ఆ గ్యాలరీని అందరికీ అందేలా చెయ్యడం. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకి ముందు గుమ్మం పక్కన వాలుదారి కట్టించింది. టిక్కెట్ల కౌంటరు రెండు జానలు దింపించింది. ప్రతి హాల్లోనూ చేతులున్న బెంచీలు వేయించింది. పటాల కింద అక్షరాలు పెద్దవి చేయించింది, చూపు లేనివాళ్ళకి బ్రెయిలీ కార్డులు రాయించింది. ఎక్కడికి వెళ్ళినా హ్యాండ్‌బ్యాగులోంచి స్టీలు టేపు తీసి కొలుస్తుంటుంది కాబట్టి ఆమెకి టేపు మేడమ్ అని పేరొచ్చింది.

అన్నిటికంటే మించి, పైవాళ్ళతో ఏడాది పాటు పోట్లాడి, మూడు కంచు బొమ్మల్ని చూపు లేనివాళ్ళు చేతులతో తడిమి చూసుకోవచ్చని అనుమతి సంపాదించింది. ప్రారంభం ఈ శనివారం.

సోమవారం నాడు ముందుగా ఒకసారి సరిచూసుకుందామని ప్రూఫుల మాస్టారిని పిలిచారు. ఆయన పుట్టినప్పటినుంచీ చూపు లేని మనిషి, బ్రెయిలీ ప్రెస్సులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దినాయన. ఆయన వేళ్ళు 'జడల్లుకునే అమ్మాయి' భుజం మీదుగా దిగి ఎడమ మోచేతి దాకా వచ్చాయో లేదో, ముట్టొద్దమ్మ లేచి ఆయన చేతి మీద ఫెడీమని ఒక్కటిచ్చింది. హాల్లో ఉన్న తొమ్మిది మందీ విన్నారు.

ముట్టుకోమని పిలిచి, ముట్టుకున్నందుకు కొట్టారు. ఇంతకంటే అప్రతిష్ఠ ఇంకేముంటుంది? కోడలు ఆ సాయంత్రమే రిపోర్టు రాసి డైరెక్టరుగారికి ఇచ్చింది. ఇరవై రెండేళ్ళ అలవాటు వల్ల ఆవిడ చెయ్యి తెలియకుండానే లేచిందని రాసింది. డైరెక్టరు ఒప్పుకున్నాడు. గురువారం పదకొండింటికి ఆ కాగితం మీద ఆవిడ ఒక సంతకం పెట్టి, మాస్టారికి ఒక క్షమాపణ చెబితే సరిపోతుందన్నాడు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది, ఆ రెండేళ్ళూ నిశ్చింతగా గడిచిపోతాయి.

ముట్టొద్దమ్మ సంతకం పెట్టనంది. ఆ రోజునుంచీ కోడలితో మాట్లాడటం మానేసింది.

"ఒక్క సంతకమేగా అమ్మా" అన్నాడు కండక్టరు, గొంతు తగ్గించి.

"పెట్టనని చెప్పాను."

కండక్టరు తల్లి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. టిక్కెట్ల మిషను తీసి భుజానికి తగిలించుకున్నాడు. "ఇద్దరూ ఇక్కడే దిగిపోండి. ఈ బస్సు ఇక ముందుకి పోదు" అనేసి డ్యూటీకి వెళ్ళిపోయాడు. చెప్పుల చప్పుడు వీధిలోకి వెళ్ళిపోయింది.

కోడలు పొయ్యి కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇంక తాడోపేడో తేల్చుకోవాల్సిందే అనుకుంది.

"మీ కోసమే రాశాను అత్తయ్యా."

"నా గురించి రాశావు, నన్ను అడక్కుండా రాశావు." మూడు రోజుల తర్వాత సూటిగా వచ్చిన మొదటి మాట అది. "ఇరవై రెండేళ్ళలో నేను ఒక్కడి మీదైనా చెయ్యి చేసుకున్నానా? స్కూలు పిల్లలు బొమ్మ ముక్కు పట్టుకోబోయారు. తాగొచ్చినవాడొకడు ఏడుస్తూ దాన్ని కావలించుకోబోయాడు. అందర్నీ నోటి మాటతోనే పంపించాను. అలవాటే అయితే నోరు లేవాలి. చెయ్యెందుకు లేస్తుంది?"

రిపోర్టు రాసేటప్పుడు అలాంటి ప్రశ్న ఒకటి ఉందనే కోడలికి తట్టలేదు. అలవాటు అన్న మాట సులువుగా దొరికింది, రాసేసింది.

"మరెందుకు కొట్టారు?"

ముట్టొద్దమ్మ బల్ల మీది యూనిఫాం, బ్యాడ్జి, తాళంచెవి తీసి గుడ్డసంచీలో సర్దింది. వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. అది నాలుగోసారికి అందుకుని వెళ్ళిపోయింది.

"టైమవుతోంది. ఆ మేకుకున్న నా బ్యాగు ఇటివ్వు" అంది చివరికి.

కోడలు బ్యాగు తీస్తుంటే జిప్పు తెరిచి ఉందో ఏమో, గుండ్రటి డబ్బా ఒకటి కిందపడి దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. వంగి తీసింది. గోధుమరంగు బూటు పాలిష్. బ్యాగులో ఇంకా ఒక పాత మేజోడు కూడా ఉంది, ఒక్కటే, ముందు భాగమంతా అదే రంగు పట్టి గట్టిపడిపోయింది.

ఆ ఇంట్లో బూట్లు ఎవరూ వేసుకోరు. కండక్టరువి తోలు చెప్పులు. అత్తగారికి రబ్బరు చెప్పులు తప్ప వేరేవి పడవు.

"ఇదెవరిది అత్తయ్యా?"

"నాదే. నా బ్యాగులో ఏముండాలో కూడా రిపోర్టులో రాస్తావా?" అని ఆవిడ డబ్బా లాక్కుని బ్యాగులో వేసుకుంది. కుట్టుమిషను మీద అరచెయ్యి ఆనించి లేచింది. రోజూ అలాగే లేస్తుంది. కోడలు దాన్ని ఎన్ని వందల సార్లు చూసిందో లెక్కలేదు.

*

ఆవిడ డ్యూటీ ఎనిమిదింటికి, కోడలిది పదింటికి. ఆరేళ్ళుగా ఒకే చోట పనిచేస్తున్నా ఇద్దరూ కలిసి వెళ్ళింది చాలా తక్కువ. విచారణ అయ్యేదాకా ఆవిడకి డ్యూటీ లేదు కాబట్టి ఈ రోజు కలిసే వెళ్ళారు, బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు, ఒకరు కిటికీలోంచి బయటికి, ఇంకొకరు ముందు సీటు వైపు చూశారు.

స్టాఫు లోపలికి పోయేది వెనక గుమ్మంలోంచి. అక్కడ నాలుగు మెట్లున్నాయి. పట్టుకోవడానికి ఏమీ లేదు. కోడలు రోజూ చకచకా ఎక్కిపోయే మెట్లు అవి. ఈ రోజు అత్తగారి వెనక నిలబడాల్సి వచ్చింది కాబట్టి చూసింది. ఆవిడ పక్కకి తిరిగింది. ఎడం చెయ్యి గోడకి ఆనించింది. మంచి కాలు ముందు పెట్టి, రెండో కాలు దాని పక్కకి లాక్కుంది. ఒక మెట్టు. కాస్త ఆగి ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ అలాగే ఇంకో మెట్టు.

"ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది అత్తయ్యా, మోకాలు?"

"మెట్లు తడిగా ఉన్నాయి" అంది ముట్టొద్దమ్మ.

మెట్లు ఎండలో కణకణలాడుతున్నాయి. కోడలు ఆ మాట అనలేదు. కాపలావాళ్ళకి ఏడాదికోసారి డాక్టరు పరీక్ష ఉంటుందనీ, నిలబడలేరని రాస్తే ఆ నెలాఖరుతో ఇంటికి పంపేస్తారనీ ఆమెకి తెలుసు. క్రితం ఏడాది అలా ఇద్దరు వెళ్ళిపోయారు. వాళ్ళకి వీడ్కోలు సభలో మాట్లాడింది కూడా ఈమే.

కంచు బొమ్మల హాల్లో డైరెక్టరు అప్పటికే అటూ ఇటూ తిరుగుతున్నాడు. భారీ మనిషి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా ఏ పనీ రెండు నిమిషాలకంటే పట్టదని ఆయన నమ్మకం. ఆయనకి విచారణ తన ఆఫీసు గదిలోనే కానివ్వాలని ఉంది. ప్రూఫుల మాస్టారే ఒప్పుకోలేదు. తప్పు ఏ పేజీలో ఉంటే ఆ పేజీ దగ్గరే కూర్చుని దిద్దాలని పట్టుబట్టాడు. ఇప్పుడు కొత్త బెంచీ మీద, చేతికర్ర ఒక పక్క, సంచీ ఒక పక్క పెట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా నిటారుగా కూర్చున్నాడు.

ఆయన ఎదురుగానే ఉంది జడల్లుకునే అమ్మాయి. అసలు మనిషంత కంచు బొమ్మ. అడుగెత్తు దిమ్మె మీద పీట వేసుకుని కూర్చుని, రెండు చేతులూ తల వెనక్కి పెట్టి జడ అల్లుకుంటోంది. మోచేతులు రెండూ పక్కలకి చాపి ఉన్నాయి. కుడి మోచెయ్యి జనం వైపు, వెలుతుర్లో ఉంటుంది. ఎడమది గోడ మూల వైపు. ఆ మూలలోనే ముట్టొద్దమ్మ స్టూలు. నిద్రపోతారని కాపలావాళ్ళ స్టూళ్ళకి వీపూ ఉండదు, చేతులూ ఉండవు. చూడవచ్చినవాళ్ళ బెంచీ మీద కాపలావాళ్ళు కూర్చోకూడదు.

డైరెక్టరు కాగితం, పెన్ను ముట్టొద్దమ్మ ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. మాస్టారు చెయ్యెత్తి ఆపాడు. తనకి క్షమాపణ అక్కర్లేదనీ, దెబ్బ ఆ రోజే మర్చిపోయాననీ, తను వచ్చింది వేరే పని మీదనీ అన్నాడు. సంచీలోంచి బొమ్మ తాలూకు బ్రెయిలీ కార్డు తీసి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో చదివాడు.

"'నెలకొల్పిన నాటి నుంచి ఏ చెయ్యీ తాకని బొమ్మ ఇది. మొదటి చెయ్యి మీదే.' ఇదెవరు రాశారు?"

"నేనే మాస్టారూ" అంది కోడలు. ఆ రెండు వాక్యాల కోసం ఆమె రెండు రోజులు కూర్చుంది.

"వాక్యం చాలా బాగుంది. కానీ నిజం కాదు."

డైరెక్టరు వాచీ చూసుకోవడం మానేశాడు.

మాస్టారు తాపీగా చెప్పాడు. బొమ్మ ఒళ్ళంతా సన్నటి ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది. ఎడమ మోచెయ్యి మాత్రం గాజులా నున్నగా ఉంది. వాళ్ళ ప్రెస్సులో పాతికేళ్ళు తిప్పిన మిషను పిడి కూడా అంతే నున్నగా ఉంటుంది. ఒకసారో రెండుసార్లో ముట్టుకుంటే అలా కాదు, రోజూ ఒకే చెయ్యి ఒకే చోట పడాలి. ఆ మాట చెప్పబోతుంటేనే సోమవారం తన చేతి మీద దెబ్బ పడింది. ఇంటికెళ్ళాక వేళ్ళు వాసన చూసుకుంటే బూటు పాలిష్ వాసన వచ్చింది.

"నేను చాడీలు చెప్పడానికి రాలేదు. శనివారం వచ్చేవాళ్ళ వేళ్ళు కూడా నా వేళ్ళలాంటివే. అందరికీ దొరికిపోతుంది. తప్పు వాక్యం చేతికిచ్చి మమ్మల్ని చదవమనకండి, అంతే."

గోధుమరంగు డబ్బా అత్తగారి భుజానికున్న బ్యాగులోనే ఉంది. కుట్టుమిషను మీది అరచెయ్యి, గోడ మీది అరచెయ్యి, అన్నీ ఒక్కసారిగా వచ్చి కోడలి కళ్ళ ముందు నిలబడ్డాయి. అత్తగారి వైపు చూసింది. ఆవిడ బొమ్మ వైపు చూస్తోంది.

డైరెక్టరు ఫోను లైటు వేసుకుని మూలలోకి వెళ్ళాడు. మోచేతి మీద గోరుతో గీశాడు. పాలిష్ కింద పసుపుపచ్చగా తళతళలాడింది. ఆయన ముఖం కందగడ్డయింది. పైనుంచి ఇన్‌స్పెక్షను వస్తే తను ఏం చెప్పుకోవాలన్నాడు. పొద్దున్నే ఊడ్చేవాళ్ళ పనే ఇది, చీపురు ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి బొమ్మ మీద వేసుకుని కబుర్లాడుతుంటారు, ఈ రోజే అందర్నీ మాన్పించేస్తానన్నాడు.

అది అక్కడితో ఆగిపోయేదే. ఊడ్చేవాళ్ళు అక్కడ లేరు, కాదనడానికి. కాగితం మీద అలవాటు అని రాసే ఉంది, సంతకం పెడితే చాలు. కోడలి నాలుక మీదికి ఒక అబద్ధం వచ్చి సిద్ధంగా నిలబడింది కూడా. బొమ్మని తెచ్చేటప్పుడు తాళ్ళు రాసుకుని ఉంటాయి అని అనేద్దామనుకుంది.

"ఊడ్చేవాళ్ళని ఏమీ అనకండి సార్" అంది ముట్టొద్దమ్మ. "అది నా చెయ్యి."

ఆవిడ బ్యాగులోంచి డబ్బా తీసి దిమ్మె అంచు మీద పెట్టింది, మేజోడు దాని పక్కన పెట్టింది. తర్వాత మూలకి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. కూర్చోవడమే మెల్లగా, ఒక పక్కకి వాలుతూ కూర్చుంది. కూర్చుని, ఎడం చెయ్యి పైకి చాపింది. అది సరిగ్గా వెళ్ళి కంచు మోచెయ్యి మీద పడింది. దాన్ని పట్టుకుని, పళ్ళు బిగబట్టి లేచింది. మోకాలు కటుక్కుమన్న చప్పుడు మాస్టారికి కూడా వినిపించింది.

"ఇలా" అంది. "రోజుకి పాతిక సార్లు. పదకొండేళ్ళు."

గొంతులో ఏడుపు లేదు. హాజరు చెప్పినట్టు చెప్పింది. "నిలబడలేనంటే పంపించేస్తారు. అనకపోతే, పట్టు లేకుండా లేవలేను. ఈ పిల్ల పక్కనే చెయ్యి చాచుకుని కూర్చుంది కదా అని పట్టుకున్నాను. మెరుపు కనపడకుండా ఆదివారం ఆదివారం పాలిష్ రాశాను. ఇరవై రెండేళ్ళు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, నేనొక్కదాన్నే ముట్టుకున్నాను." మాస్టారి వైపు తిరిగింది. "మీ వేళ్ళు అక్కడికి రాగానే నా ఉద్యోగం పోయిందనుకున్నాను. అందుకే కొట్టాను. అలవాటుతో కాదు మాస్టారూ, భయంతో. నాది తప్పే."

"ఆ రోజు అనుకున్నాను, ఇంత గట్టి దెబ్బకి ఇంకేదో కారణం ఉండాలని" అన్నాడు మాస్టారు నవ్వుతూ. లేచి చేతికర్ర పక్కన పెట్టి అరచెయ్యి ముందుకి చాపాడు. "ఇంకోసారి చూడనిస్తారా?"

ముట్టొద్దమ్మ ఒక్క క్షణం ఆ చేతినే చూసింది. తర్వాత తను కొట్టిన ఆ మణికట్టునే పట్టుకుని నడిపించి, తీసుకెళ్ళి మోచేతి మీద పెట్టింది. ఆయన వేళ్ళు అక్కడ చాలాసేపు ఉన్నాయి.

కోడలు ఏడవకుండా ఉండటానికి హాలు పక్క గోడ వైపు చూసింది. అటూ చూడలేకపోయింది. నడిచేవాళ్ళు పట్టుకోవడానికి ఆమె బిగించిన స్టీలు కమ్మీ ఆ గోడ పొడుగునా ఉంది, ఎవరి చేతికైనా అందే ఎత్తులో. సరిగ్గా స్టూలున్న మూలకి రెండు గజాల ముందు ఆగిపోయి ఉంది. జనం అక్కడిదాకా రారు కాబట్టి అక్కడ అక్కర్లేదని ఆమే ఆపించింది. ఆమెకి తన మీద ఒళ్ళు మండిపోయింది.

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. తను కఠినాత్ముణ్ణి కాదన్నాడు. కానీ బొమ్మ పాడవడం ఒకటి, మోకాలి సంగతి దాచడం రెండు, రెండూ తన చేతిలో లేవన్నాడు. పాత రిపోర్టు చించేసి కోడలికి కొత్త ఫారం ఇచ్చాడు. అందులో రెండే గడులు. కారణం ఒకటి, బాధ్యులు ఒకటి. కార్యక్రమం ఇన్‌చార్జి ఆమే కాబట్టి ఆమే రాయాలన్నాడు. అత్తగారని మొహమాటపడి వంకరగా రాస్తే ఆ కాగితం తను పైకి పంపననీ, పంపకపోతే శనివారం ప్రారంభం ఉండదనీ కూడా చెప్పాడు.

"నిజమే రాయమ్మాయ్" అంది ముట్టొద్దమ్మ. "ఈసారి నన్ను అడిగావుగా."

రాయనా అని కోడలు అడగలేదు. కానీ ఆవిడ అలా అనేసరికి ఆమెకి ధైర్యం వచ్చింది. బ్యాగులోంచి టేపు తీసింది. మోకాళ్ళ మీద కూర్చుని స్టూలు ఎత్తు కొలిచింది. పద్నాలుగు అంగుళాలు. బెంచీ కొలిచింది. పద్దెనిమిది. కంచు మోచెయ్యి నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచింది, అది ఆమె గోడకి బిగించిన కమ్మీ కంటే అయిదు అంగుళాలు ఎక్కువ. అంటే అత్తగారు పదకొండేళ్ళూ అందనిదాన్ని అందుకుని లేచింది. ఆ అంకెలన్నీ కారణం గడిలో రాసింది. వాటి కింద, 'లేచి నిలబడటానికి పట్టుకునేది ఏదీ ఇవ్వలేదు' అని రాసింది.

బాధ్యులు అన్న గడి దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. రాసి కాగితం డైరెక్టరుకి ఇచ్చింది.

ఆయన చదువుతూ చదువుతూ, బెంచీ మీద మాస్టారి సంచీ ఉండటంతో, వెనక తగిలిన స్టూలు మీద కూర్చుండిపోయాడు. కళ్ళజోడు సర్దుకుని కాగితం ఆఖరు దాకా వచ్చాడు.

"మీ పేరు రాశారేమిటి?"

"ఏడాదిన్నర ఈ గ్యాలరీ అంతా కొలిచాను సార్. వాకిళ్ళు కొలిచాను, మెట్లు కొలిచాను, నీళ్ళ కొళాయిల ఎత్తు కూడా కొలిచాను. ఈ స్టూలు ఒక్కటి కొలవలేదు. ఈవిడ మా ఇంట్లోనే లేస్తుంది, కూర్చుంటుంది. అదీ చూడలేదు. వెనక గుమ్మం మెట్లు రేపు కొలుస్తాను. ఈవిడ నిలబడలేదని పంపించేస్తే, శనివారం నా పనేమిటో చూడటానికి వచ్చేవాళ్ళకి నేను ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

డైరెక్టరు జేబులో ఫోను మోగుతోంది, తియ్యలేదు. ఈ కాగితం ఇలాగే పైకి వెళితే ఏమవుతుందో తనకి తెలియదని గొణిగాడు. కోడలికీ తెలియదు. అయినా ఆమె గడ్డం దించలేదు.

ఆయన లేవబోయాడు. మరీ కిందికి ఉన్న స్టూలు, వీపు లేదు, చేతులు లేవు. ఒకసారి ముందుకి ఊగాడు, లేవలేకపోయాడు. రెండోసారి ఊగాడు. కాగితం ఒక చేతిలో ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆయన రెండో చెయ్యి పైకి లేచి, గాల్లో వెతుక్కుంటూ కంచు మోచేతి మీదికి వెళ్ళింది.

"ముట్టుకోవద్దు సార్" అంది ముట్టొద్దమ్మ. గట్టిగా కాదు, కోపంగానూ కాదు.

చెయ్యి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. డైరెక్టరు లేవనూ లేక, కూర్చోనూ లేక, ఆ చేతినీ, చేతికి అందేంత దగ్గర్లో ఉన్న ఆ పసుపుపచ్చటి మెరుపునీ చూస్తూ ఉండిపోయాడు. రెండో చేతిలో కాగితం ఉంది, ఇంకా సంతకం కాలేదు.